అమ్మ ఎక్కగలిగే పడవ

నా లాప్‌టాప్‌లో 'బోటు' అని ఒక ఎక్సెల్ షీటు ఉంది. పదకొండు వరసలు, పద్నాలుగు కాలమ్‌లు. పొడవు, బరువు, ఎంతమందిని మోస్తుంది, బట్ట మందం, ఎన్ని గాలి గదులు, ఎంత ప్రెషర్, ధర, వగైరా. కారు కొన్నప్పుడు కూడా నేనింత చెయ్యలేదు. నీళ్ళ మీద షికార్లు గానీ, గాలం వేసే అలవాటు గానీ నాకు లేవు. ఈత అంతంత మాత్రం. ఆ పద్నాలుగు కాలమ్‌లూ నింపాక, అసలు ఉండాల్సిన రెండు కాలమ్‌లు అందులో లేవని తెలిసింది. ఆ రెండూ ఏ కంపెనీ వాడూ రాయడు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడ్డాయి. సింగ్ నగర్లో మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయని పొద్దున్నే నాన్న ఫోన్ చేశాడు. గొంతులో కంగారేం లేదు. "వాకిట్లోకొచ్చాయిరా" అన్నాడు. అరగంటకి "మంచం కోడు మునిగింది" అన్నాడు. ఆ తర్వాత పై వాటాలో అద్దెకుండేవాళ్ళ దగ్గరికి ఎక్కేశారు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. బయల్దేరదామంటే ఐతవరం దగ్గర హైవే మీద మున్నేరు పారుతోంది. మహబూబాబాద్ జిల్లాలో పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది కాబట్టి రైళ్ళూ లేవు. మర్నాడు ప్రకాశం బ్యారేజి నుంచి వదిలిన నీళ్ళు 11 లక్షల క్యూసెక్కులు దాటాయని టీవీలో చెబుతుంటే, ఆ అంకె పెద్దదని మాత్రమే అర్థమైంది. మా ఇంటికీ ఆ అంకెకీ మధ్య ఏం జరుగుతోందో అర్థం కాలేదు.

రెండో రోజు ఒక బోటు మా వీధిలోకి వచ్చింది. ఎవరు పంపారో తెలీదు. ఇద్దరు కుర్రాళ్ళు, అప్పటికే ఏడెనిమిది మంది జనం. మా ఇంటి బయటి మెట్ల దగ్గర ఆపారు. మెట్లలో ఆరు నీళ్ళలో ఉన్నాయి. అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మెట్టు మీద నిలబడి ఒక కాలు బోటులో పెట్టింది. పెట్టగానే బోటు పక్కకి జరిగింది. కాలు వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జరిగింది. ఒక కుర్రాడు మెట్ల రెయిలింగు పట్టుకుని ఉన్నాడు, ఇంకొకడు గెడ వేసి ఆపుతున్నాడు. బోటులో ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. "మళ్ళీ వస్తాం అమ్మగారూ" అని వెళ్ళిపోయారు. మళ్ళీ బోటు వచ్చేసరికి మూడో రోజు సాయంత్రమైంది. అందులో వచ్చినవాళ్ళు అమ్మని కుర్చీతో సహా ఎత్తి దింపుకుని సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర వదిలిపెట్టారు.

ఆ మొదటి బోటు కుర్రాళ్ళ మీద నాకు కోపం. ఒక్క ముసలావిణ్ణి ఎక్కించలేకపోయారా అని. ఆ కోపంతోనే, మన బోటు మనకుంటే ఈ బాధే ఉండదు కదా అనుకున్నాను. ఎక్సెల్ షీటు అలా మొదలైంది.

గాలి పడవ కొత్త ఆలోచనేం కాదు. పీటర్ హాల్కెట్ అనే బ్రిటిష్ నేవీ లెఫ్టినెంట్ 1840ల్లో ఒక పై కోటు తయారు చేశాడు. వేసుకుంటే కోటు, గాలి ఊదితే పడవ. గొడుగే తెరచాప. నేవీకి దానివల్ల ఉపయోగం కనిపించలేదు. ఫ్రెంచి వైద్యుడు అలాఁ బొంబార్ 1952లో నాలుగున్నర మీటర్ల గాలి పడవలో ఒక్కడే కెనరీ దీవుల నుంచి బయల్దేరి, 65 రోజులకి అట్లాంటిక్ అవతల బార్బడోస్‌లో తేలాడు. ఓడ మునిగినవాడు సముద్రం మీదే ఆధారపడి బతకగలడని నిరూపించాలని ఆయన పట్టుదల. ఇవన్నీ అర్ధరాత్రి దాకా చదివేవాణ్ణి. ఆఫీసులో ఏ లైబ్రరీ వాడాలో తేల్చుకోలేనప్పుడు దాని చరిత్ర చదువుతూ కూర్చుంటాం చూడండి, అదే జబ్బు.

చదివినదాన్లోంచి పనికొచ్చేది చెప్తాను.

అన్నిటికంటే చవక, స్విమ్మింగ్ పూల్ బాపతు బోటు. ఒట్టి వినైల్ షీటు, లోపల బట్ట ఉండదు. మూణ్ణాలుగు వేలకే వస్తుంది. పెట్టె మీద 'ఇద్దరు మనుషులు' అని, నవ్వుతున్న ఒక కుటుంబం బొమ్మ. పక్కనే చిన్న అక్షరాల్లో, ఇది ప్రాణరక్షణకి వాడేది కాదని. పుస్తకాల మీద రివ్యూలు రాసే అలవాటున్న నాకు, ఒకే అట్ట మీద రెండు అబద్ధాలాడకుండా ఎలా తప్పించుకున్నారా అనిపించింది. బొమ్మ ఒక మాట చెప్తుంది, అక్షరాలు ఇంకో మాట చెప్తాయి. కొనేవాడు బొమ్మే చూస్తాడు.

తర్వాత ప్యాక్‌రాఫ్ట్. వీపున సంచిలో మోసుకుని కొండలెక్కేవాళ్ళ కోసం చేసింది. మూడు కిలోలుంటే ఎక్కువ. పంపు కూడా అక్కర్లేదు, ఒక పల్చటి సంచిలోకి గాలి పట్టి లోపలికి పిండటమే. కానీ అది ఒక మనిషి పడవ. గాలి కయాక్‌లో ఇద్దరు పడతారు, తెడ్డేస్తే సూటిగా పోతుంది, కానీ సన్నంగా ఉంటుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఊగుతుంది. ఈ రెండూ కాళ్ళూ చేతులూ బాగా ఆడేవాళ్ళవి.

అటు చివర రిబ్. అడుగు గట్టి ఫైబర్‌ది, చుట్టూ గాలి గొట్టాలు. 1960ల్లో వేల్స్‌లో అట్లాంటిక్ కాలేజి విద్యార్థులు, వాళ్ళ హెడ్‌మాస్టరు అడ్మిరల్ డెస్మండ్ హోర్ కలిసి దీన్ని తయారు చేశారు. పేటెంటుని బ్రిటన్‌లో సముద్ర ప్రాణరక్షణ చూసే ఆర్.ఎన్.ఎల్.ఐ. సంస్థకి ఒక పౌండుకి ఇచ్చేశారు. ఈ కథ నాకు ఎంత నచ్చిందంటే రిబ్ కొనేద్దామన్నంత. కానీ దాన్ని మడవలేం. దానికి ట్రెయిలర్ కావాలి, ట్రెయిలర్‌కి చోటు కావాలి. మా సందులో ఆటో తిరగాలంటేనే ఇద్దరు బళ్ళు తియ్యాలి.

మిగిలింది మధ్య రకం, డింగీ. బట్ట మీద పీవీసీ పూసిన గట్టి గొట్టాలు, విడివిడిగా మూడు నాలుగు గాలి గదులు. ఒకదానికి పంచరైనా మిగతావి నిలబెడతాయి. మా వీధుల్లో వరదంటే నీళ్ళ కింద గాజు పెంకులు గుచ్చిన ప్రహరీ గోడలు, గేట్ల బాణాలు, పడిపోయిన స్కూటర్ల హ్యాండిళ్ళు. కాబట్టి ఆ గదుల లెక్క నాకు ముఖ్యం. పీవీసీకి బదులు హైపలాన్ అయితే ఎండకి ఇంకా బాగా ఆగుతుంది. దాన్ని కనిపెట్టిన డ్యూపాంట్ 2010లోనే తయారీ మానేసినా, వేరేవాళ్ళు అదే రకం రబ్బరు చేస్తున్నారు. ధర మాత్రం నా జీతం వైపు చూసి నవ్వేలా ఉంది.

నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. ఈ లిస్టంతా ఫోన్లో విని, "లారీ ట్యూబులు రెండు కట్టి పైన తలుపు చెక్కేస్తే?" అన్నాడు. వరదలో చాలామంది చేసింది అదే. తర్వాత, "పుట్టి ఏదిరా నీ లిస్టులో?" అన్నాడు. నిజమే. కృష్ణలో, తుంగభద్రలో మనవాళ్ళు ఎన్ని తరాలుగానో తిప్పుతున్న వెదురు పుట్టికి గాలీ అక్కర్లేదు, పంచరూ లేదు. అడుగు చదును, మోకాలి లోతులోనూ తేలుతుంది. పదకొండో వరసగా రాశాను. మడవడం, కుదరదు. నడపడం, చేతకాదు.

ఇల్లు కడిగి, సున్నాలేసేదాకా అమ్మా నాన్నా హైదరాబాద్‌లో నా దగ్గరే ఉన్నారు. ఒట్టి ప్రయోగానికని ఆ పూల్ బోటు ఒకటి తెప్పించాను. దసరా సెలవుల్లో పొద్దున ఆరు గంటలకి, అసోసియేషన్ సెక్రటరీ వాకింగ్‌కి రాకముందే, అపార్ట్‌మెంటు పూల్లో దింపాను. అమ్మ గట్టు మీద నిలబడింది. చీర కొంగు నడుం చుట్టూ దోపుకుంది. నేను గట్టు మీంచి వంగి బోటు పట్టుకున్నాను.

అమ్మ కాలు పెట్టింది. బోటు జరిగింది.

నేను రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. నీళ్ళు కదలట్లేదు. వాన లేదు, బోటులో ఏడుస్తున్న బిడ్డ లేదు. అయినా జరిగింది. అమ్మ గట్టు మీంచి ముందుకి అడుగు వేస్తోంది, వేసే ఆ ఒత్తిడే పడవని అవతలికి నెడుతోంది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, న్యూటన్ మూడో సూత్రం ఇంటర్ నుంచి వల్లె వేస్తున్నాను, అది మా అమ్మ పాదం కింద ఉంటుందని మాత్రం అనుకోలేదు. రెండోసారి నాన్న కూడా వచ్చి పట్టుకున్నాడు. ఈసారి పాదం లోపల పడింది, కానీ అడుగు మెత్తగా కిందికి కుంగింది. పరుపు మీద నిలబడినట్టు. మోకాళ్ళు బాగున్నవాళ్ళకి అది సరదా. అమ్మ "బాబోయ్" అని నాన్న భుజం పట్టుకుంది. నాన్న నన్ను పట్టుకున్నాడు. ముగ్గురం పూల్లో పడకపోవడం ఆ రోజు అదృష్టం.

గట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ అమ్మ అంది: "ఆ రోజు కూడా ఇంతేరా. ఆ పిల్లలు పట్టుకునే ఉన్నారు పాపం."

నెలన్నర నుంచి నేను తిడుతున్న కుర్రాళ్ళు. రెయిలింగు పట్టుకున్నవాడు ఒకడు, గెడ వేసినవాడు ఒకడు. చెయ్యగలిగిందంతా చేశారు. ఇంకో ఇద్దరు కావాలి అక్కడ, అంతే. లేదా పదిహేను నిమిషాలు కావాలి. ఆ వీధిలో ఎన్ని మెట్ల మీద ఎంతమంది నిలబడి ఉన్నారో నాకు తెలీదు. వాళ్ళకి తెలుసు.

ఆ రోజు షీటులో పదిహేనో కాలమ్ చేర్చాను: అడుగు ఎలాంటిది?

డింగీల్లో అడుగులు చాలా రకాలు. కొన్నిటికి చెక్క పట్టీలు అడ్డంగా వేసి ఉంటాయి. మడవడం తేలిక, కానీ పట్టీకీ పట్టీకీ మధ్య కుంగుతుంది. కొన్నిటికి ప్లైవుడ్ పలకలు. గట్టిగా ఉంటాయి, కానీ బరువు, బిగించడానికి టైం పడుతుంది. మూడోది గాలి అడుగే, కానీ వేరే రకం. పైనా కిందా రెండు పొరలు, వాటిని కలుపుతూ లోపల వేల దారాలు. డ్రాప్ స్టిచ్ అంటారు. ఎంత గాలి కొట్టినా దారాలు పట్టి ఉంచుతాయి కాబట్టి బుడగలా ఉబ్బదు, పలకలా బిగుస్తుంది. ఈ పద్ధతితోనే 1956లో గుడ్‌ఇయర్ వాళ్ళు గాలి నింపితే ఎగిరే విమానం కూడా చేశారు. పడవ గొట్టాల్లో 3 పి.ఎస్.ఐ. అటూ ఇటూ ఉంటే, ఈ అడుగులో 8 నుంచి 10 దాకా కొట్టచ్చు. కారు టైరులో 30 పైన ఉంటుంది కదా అని తక్కువగా అనుకోకండి, దీని మీద నడుస్తుంటే గచ్చు మీద నడిచినట్టే ఉంటుంది.

మా ఆఫీసులో ఒకతనికి అలాంటిది ఉంది, వారాంతాల్లో చెరువుల్లో చేపలు పడతాడు. అడిగి తెచ్చుకున్నాను. మళ్ళీ అదే పూలు, అదే ఆరు గంటలు. ఈసారి అతనూ వచ్చాడు. అమ్మని నిలబడనివ్వలేదు. "ఆంటీ, కాలు పెట్టకండి. కూర్చోండి" అన్నాడు. బోటుని గట్టుకి ఆనించి, చుట్టూ ఉన్న తాడుని ఆ చివర అతను, ఈ చివర నేను బిగించి పట్టుకున్నాం. గొట్టం లావు ఒకటిన్నర అడుగు, అంటే ఇంట్లో ముక్కాలిపీట ఎత్తు. అమ్మ గట్టు మీంచి దాని మీదికి జరిగి కూర్చుంది, తర్వాత ఒక్కొక్క కాలూ లోపలికి తీసుకుంది. అడుగు కుంగలేదు. మొత్తం నిమిషం కూడా పట్టలేదు. బోటు మధ్యలో కూర్చుని, "ఇంతేనా?" అంది.

ఇంతే. మోటారు ఎంత హార్స్‌పవర్ అని నేను పెట్టుకున్న కాలమ్ వల్ల ఏ ఉపయోగమూ లేదు. నడుం లోతు నీళ్ళలో, గుడ్డలూ వైర్లూ తేలుతున్నచోట, మోటారు ఫ్యాను తిరిగితే దానికి చుట్టుకోవడమే. వీధిలో పడవని ఎవరూ నడపరు. ఒక మనిషి నీళ్ళలో నడుస్తూ తాడు పట్టుకుని లాగుతాడు. టీవీలో గంటలకి గంటలు చూశాను ఆ దృశ్యం. చూస్తూ బోటు కంపెనీ పేరేంటా అని వెతికాను.

డిసెంబర్‌లో కొన్నాను. రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు, పీవీసీ, గాలి అడుగు. ముప్ఫై కిలోల పైచిలుకు. ధర చెప్పను, ఇంట్లో సగమే చెప్పాను. సంక్రాంతికి కారు డిక్కీలో వేసుకుని బెజవాడ వెళ్ళి, భోగి నాడు పొద్దున్నే డాబా మీద పరిచాను. ఎదురింటివాళ్ళు గాలిపటాలు ఆపి మరీ చూశారు. కాలి పంపుతో గాలి కొట్టడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. పూర్తయ్యేసరికి మాట్లాడే స్థితిలో లేను. నాన్న ఏమీ అనలేదు, గొట్టం మీద అరచేత్తో తట్టి టిఫినుకి కిందకి వెళ్ళాడు.

మధ్యాహ్నం ఆయనే పైకొచ్చి, మళ్ళీ తట్టి, వాల్వు దగ్గర వంగి కొంచెం గాలి తీసేశాడు. నేను లెక్క వేశాను. పొద్దున 25 డిగ్రీల్లో 3 పి.ఎస్.ఐ. కొడితే, ఎండకి లోపలి గాలి 50 డిగ్రీలకి చేరేసరికి అది దాదాపు నాలుగున్నర అవుతుంది. కుట్లు ఊడేది అప్పుడే. నాన్న లెక్క వెయ్యలేదు. ముప్ఫై రెండేళ్ళు బస్సు టైర్లని అలాగే తట్టాడు. సైకిల్ షాపు నుంచి రబ్బరు సొల్యూషను తెచ్చి, కిట్‌లో ఇచ్చిన పీవీసీ ముక్క మీద అతికించి కూడా చూశాడు. సాయంత్రానికి ఊడొచ్చింది. "దీనికి వేరే గమ్ము కావాలి, ఇప్పుడే తెప్పించు. వరదలో ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సమస్య. నేను అటక అన్నాను. "అటకెక్కడుంది? కింద. నీళ్ళొచ్చేదెక్కడికి? కిందికి" అన్నాడు నాన్న. ఆ ముక్క పద్నాలుగు కాలమ్‌లలో నాకు తట్టలేదు.

ఆ తర్వాత అడిగాడు. అడగడానికి పొద్దున్నించీ చూస్తున్నాడని నాకిప్పుడు అనిపిస్తుంది.

"బాగుందిరా. కొన్నావు. దీన్ని లాగేదెవరు?"

నాన్నకి బీపీ, డెబ్బై దగ్గర పడుతోంది. ఇరవై నిమిషాలు పంపు కొట్టడం ఆయన వల్ల కాదు. ముప్ఫై కిలోల సంచి మెట్ల మీంచి దింపడం కాదు. నడుం లోతు నీళ్ళలో తాడు పట్టుకుని నడవడం అసలే కాదు. నేను 270 కిలోమీటర్ల అవతల ఉంటాను. మళ్ళీ అలాంటి ఆదివారం వస్తే మళ్ళీ ఫోన్లోనే ఉంటాను. అప్పటిదాకా నేను కొన్నది పడవ అనుకున్నాను. నిజానికి, నేను అక్కడ లేనన్న సంగతికి బదులుగా ఏదో ఒకటి కొన్నాను.

పై వాటాలో ఉండే అబ్బాయి ఏసీ మెకానిక్. వరద నాలుగు రోజులూ ఛాతీ లోతు నీళ్ళలో వెళ్ళి పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు తెచ్చింది అతనే. అమ్మని కుర్చీతో ఎత్తినవాళ్ళలో ఒక చెయ్యి అతనిది. ఆ చెయ్యి సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. నాన్న అతన్ని డాబా మీదికి పిలిచాడు. అతను బోటు చుట్టూ ఒకసారి తిరిగి, తాడు లాగి చూసి, గొట్టం మీద కూర్చుని లేచాడు.

"తెడ్లు ఎందుకు బాబాయ్‌గారూ? గెడ ఉండాలి. తాడు ఇంకో ఇరవై అడుగులు కావాలి. ఈ పంపు కాదు, బ్యాటరీ మీద నడిచేది దొరుకుతుంది, నా బండి బ్యాటరీకి తగిలిస్తా. లైఫ్ జాకెట్లు నాలుగు. మా బుడ్డోడికి చిన్న సైజు."

నాలుగు నెలల నా రీసెర్చ్‌లో లేనివి అయిదు నిమిషాల్లో చెప్పాడు. ఫోన్ తీసి అన్నీ అక్కడే ఆర్డరు పెట్టాను. సాయంత్రం గాలి తీసి, తుడిచి, ఎలకలు కొట్టకుండా గట్టి సంచిలో వేసి, వాళ్ళ గదిలో కుట్టుమిషను పక్కన పెట్టాం. ఆర్నెల్లకోసారి బయటికి తీసి గాలి కొట్టి చూడాలని, వానాకాలం ముందు ఒకటి తప్పనిసరని అనుకున్నాం. వీధిలో ఎవరెవరికి మోకాళ్ళ నొప్పులో, ఎవరు మంచం మీద ఉన్నారో అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. పదకొండు మంది.

రాత్రి ఎక్సెల్ తెరిచి పదహారో కాలమ్ చేర్చాను: తాడు ఎవరు పట్టుకుంటారు? అన్ని వరసల్లోనూ ఆ అబ్బాయి పేరే రాశాను. ఏ బోటు కొన్నా జవాబు మారదు. సేవ్ చేస్తుంటే పక్క గదిలోంచి నాన్న అమ్మతో అంటున్నాడు, "ఈ ఏడు పై వాటా అద్దె పెంచొద్దులే" అని.

"ఈ ఏడేంటి?" అంది అమ్మ.